అందరూ చేరారు, ఎవరూ చేరలేదు

ఆ రోజు కమాండర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళడం, కొత్త మిషన్‌లో తాను రాసిన కమాండ్ల స్క్రిప్టు పెట్టడం, పది గంటలకు ఆసుపత్రి డాక్టరమ్మ ముందు అది నడుస్తుంటే చేతులు కట్టుకుని పక్కన నిలబడటం. అంతే. మధ్యాహ్నానికల్లా ఉద్యోగం ఖాయం.

కమాండర్ అంటే సైన్యంలో మనిషి కాదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. రోజంతా నల్లటి తెర మీద కమాండ్లు కొడుతూ ఉంటాడని మెకానిక్కులు ఆ పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళు నవ్వడానికి పెట్టారు. పెట్టించుకున్నవాడు మాత్రం దాన్ని బిరుదు కింద తీసుకున్నాడు.

ఊళ్ళోకెల్లా పెద్ద ఆసుపత్రి తన లిఫ్టులన్నీ ఏ కంపెనీకి అప్పగించాలో తేల్చుకోవడానికి ఆ రోజే ఆ డాక్టరమ్మను పంపుతోంది. "ఒప్పందం కుదిరితే నువ్వు పర్మినెంటు. కుదరకపోతే నువ్వే కాదు, నేనూ ఇంటికే," అని మేనేజరు ముందే చెప్పేశాడు. రెండో మాట మొదటిదానికంటే గట్టిగా చెప్పాడు.

"ఆ కొత్త మిషన్‌లో ఒక్కసారైనా నడిపి చూశారా?" అంది కమాండర్ భార్య, కాఫీ కప్పు ముందు పెడుతూ.

"నా ల్యాప్‌టాప్‌లో నడిపాను. గాలిలా నడిచింది."

"ల్యాప్‌టాప్ సంగతి అడగలేదండీ. మిషన్ సంగతి అడిగాను."

"షెల్ ఎక్కడున్నా షెల్లేనోయ్."

షెల్ అంటే స్క్రిప్టును ఒక్కొక్క లైనే చదివి కంప్యూటర్ చేత పని చేయించే ప్రోగ్రాము. అందులో రకాలున్నాయి. కమాండర్ ల్యాప్‌టాప్‌లో ఉన్నది సకల హంగులూ తెలిసిన పెద్ద షెల్. అగ్గిపెట్టెంత కొత్త మిషన్‌లో ఉన్నది చిన్న షెల్. అన్ని షెళ్ళకూ తెలిసిన మామూలు మాటలు తప్ప దానికింకేమీ తెలియదు. ఆ మామూలు మాటలతోనే రాస్తే స్క్రిప్టు ఎక్కడికి తీసుకెళ్ళినా బతుకుతుంది. కమాండర్ భార్యది నీటి మీటర్ల లోపల నడిచే ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. అలాంటి ఇరుకు సంసారాలు ఆమెకు బాగా అలవాటు.

ఆమె అతని భుజం మీదుగా తెరలోకి తొంగిచూసింది. "ప్రశ్న అడిగే చోటల్లా రెండేసి బ్రాకెట్లు ఎందుకు పెట్టారు? ఒక్కొక్కటి పెడితే ఏ షెల్ అయినా చదువుతుంది కదా."

"రెండుంటే చూడ్డానికి నిండుగా ఉంటుంది."

"నిండుగా ఉండటానికి అదేమైనా పెళ్ళి ఫొటోనా?"

కమాండర్ ల్యాప్‌టాప్ టప్పున మూసేసి లేచాడు. భార్య మాట విని స్క్రిప్టు మార్చుకున్నాడన్న పేరు అతనికి అక్కర్లేదు.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. మెకానిక్కులు ఆఫీసుకు రారు. ఇంటి నుంచి నేరుగా ఏ భవనంలో పని ఉంటే అక్కడికి వెళతారు. వెళ్ళగానే ఫోనులో 'చేరాను' అనే బటన్ నొక్కుతారు. తర్వాత ఫోను ఆపేసి, కింద రేకు పెట్టెలో పెట్టి తాళం వేయాలి. లిఫ్టు గోతిలోకి ఫోను తీసుకెళ్ళకూడదు. ఒకసారి పై అంతస్తులో ఒకడి జేబులోంచి జారిన ఫోను కింద పనిచేస్తున్నవాడి నెత్తిన పడింది. నెత్తి గట్టిది కాబట్టి ఫోనే పగిలింది. ఆ రోజు నుంచి రేకు పెట్టెలు వచ్చాయి.

కమాండర్ స్క్రిప్టు చేసేది ఇదే. పది కాగానే ఒక్కొక్క మెకానిక్కు గురించీ ఒక ప్రశ్న వేసుకుంటుంది: 'చేరాడా?' చేరితే ఊరుకుంటుంది. లేకపోతే ఇంటికి మెసేజు పంపుతుంది: 'మీ మనిషి ఇంతవరకు పనికి చేరలేదు. మీకేమైనా తెలిస్తే జవాబివ్వండి.' కాసేపు ఆగి 'జవాబు వచ్చిందా?' అని చూసుకుంటుంది. రాకపోతే రెండో మనిషికి పంపుతుంది. మీకోసం వెంటనే పరిగెత్తే రెండో మనిషి ఎవరని అడిగినప్పుడు, మెకానిక్కుల్లో చాలామంది అత్తగారి నంబరే ఇచ్చారు. అప్పటికీ జవాబు లేకపోతే ఆ భవనం వాచ్‌మన్‌కు వెళుతుంది: 'మా మెకానిక్కు మీ లిఫ్టులో చిక్కుకుని ఉండవచ్చు. లిఫ్టు ఆపి చూడండి.'

పదింటికి కాస్త ముందు డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. నవ్వలేదు. ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసును కూడా వెలుతురులో పెట్టి చూశాకే తాగింది. మేనేజరు ఆమెను సమావేశం గదిలో గోడ మీది పెద్ద బోర్డు ముందు కూర్చోబెట్టాడు. బోర్డు మీద మెకానిక్కుల ఫొటోలు, ఒక్కొక్కరు బటన్ నొక్కగానే పక్కన వెలిగే పచ్చ దీపం. పది కొట్టేసరికి బోర్డంతా పచ్చగా వెలిగిపోయింది.

"అందరూ చేరారు మేడమ్," అన్నాడు మేనేజరు. "ఇప్పుడు మా స్క్రిప్టు నడుస్తుంది. ఎవరైనా రాకపోతే మెసేజు వెళుతుంది. అందరూ వచ్చారు కాబట్టి ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మా గొప్ప."

కమాండర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కట్టుకున్న చేతుల కింద ఫోను గుర్రుమంది. అక్క.

"ఒరేయ్, మీ బావ పనికి చేరలేదటరా!"

బావ కూడా ఆ కంపెనీలో మెకానిక్కే. కమాండర్ బోర్డు వైపు చూశాడు. మీసాల బావ ఫొటో పక్కన దీపం నిండు పచ్చగా ఉంది. "చేరాడక్కా. నా కళ్ళ ముందే కనిపిస్తోంది."

"బావ కనిపిస్తున్నాడా?"

"దీపం కనిపిస్తోంది."

"నేను దీపాన్ని చేసుకోలేదురా! పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిన మనిషి ఎక్కడున్నాడు? ఫోను చేస్తే ఆపేసి ఉందంటోంది. నువ్వు చేరాడంటావు, నీ మెసేజు చేరలేదంటోంది. ఎవర్ని నమ్మమంటావు?"

"నన్ను నమ్మక్కా."

"చిన్నప్పుడు నిన్ను నమ్మి చెట్టెక్కే నా చెయ్యి విరిగింది!" అని పెట్టేసింది.

కమాండర్ చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది. మెసేజు? బావ ఇంటికి మెసేజు ఎందుకు వెళ్ళింది? అతను ఆలోచన పూర్తిచేసేలోపు రిసెప్షన్‌లో ఫోను మోగింది. ఎత్తేలోపు రెండోది మోగింది. తర్వాత ఆ ఫోన్లు ఆగడమంటూ లేదు. తలుపు సందులోంచి రిసెప్షన్ అమ్మాయి గొంతు వినిపిస్తోంది. "లేదండీ, చేరారండీ... మెసేజా? మేమే పంపామా? ఏమోనండీ... అమ్మా, ఏడవకండమ్మా... అయ్యో, వేరే ఎవరితోనో వెళ్ళారని నేనన్లేదండీ!"

డాక్టరమ్మ కనుబొమ్మ ఒకటి కొద్దిగా పైకి లేచింది.

"ఏమీ జరగదన్నారు?"

"ఏమీ జరగట్లేదు మేడమ్," అన్నాడు మేనేజరు. ఆయన నుదుటి మీద చెమట అప్పటికే వరుసలు కట్టింది. కమాండర్ వైపు తిరిగి పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "ఏమయ్యా, ఏం జరుగుతోందయ్యా?"

కమాండర్ అప్పటికే కంప్యూటర్ గదిలోకి జారుకున్నాడు. భార్యకు ఫోను చేశాడు.

"హలో, ఎవరండీ?" అందామె.

"నేనే!"

"మా ఆయన ఇంతవరకు పనికి చేరలేదని ఇప్పుడే మెసేజు వచ్చింది. మరి మీరు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?"

పరీక్ష కోసం తన పేరు కూడా స్క్రిప్టులో చేర్చుకున్న సంగతి కమాండర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. "తమాషాలొద్దు. కొంప మునిగింది. బోర్డు మీద అందరూ చేరారు. మెసేజుల్లో ఒక్కడూ చేరలేదు."

"తప్పులు రాసుకునే ఫైలు తెరవండి. ఏముంది?"

తెరిచాడు. ఒకే మాట, లైను తర్వాత లైను, కింద దాకా దిగిపోయింది. రెండు బ్రాకెట్లు: అలాంటి కమాండ్ లేదు. రెండు బ్రాకెట్లు: అలాంటి కమాండ్ లేదు.

"అంటే మీ షెల్ 'చేరాడా?' అని అసలు అడగనే లేదు," అంది ఆమె నింపాదిగా. "ప్రశ్నే దానికి అర్థం కాలేదు. అర్థం కాలేదంటే అవును అని జవాబు రానట్టు. అవును అని రాకపోతే ఏం చేయమన్నారు?"

"చేరలేదని మెసేజు పంపమన్నాను."

"పంపింది. చెప్పిన మాట వింది, పాపం."

"మరి ఇళ్ళ నుంచి జవాబులు వస్తున్నాయి కదా! అయినా ఆగట్లేదేంటి?"

"జవాబు వచ్చిందా అని అడిగే చోట ఎన్ని బ్రాకెట్లు పెట్టారు?"

కమాండర్ ఆ లైను దగ్గరికి వెళ్ళి చూశాడు. అక్కడా రెండే. అతను చూస్తుండగానే రెండో దఫా మెసేజులు బయలుదేరాయి. ఊళ్ళోని అత్తగార్లందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి.

భార్యలు ఫోన్లు చేశారు. అత్తగార్లు ఫోన్లు చేయలేదు. నేరుగా వచ్చేశారు.

అందరికంటే ముందు వచ్చినావిడ కమాండర్ కన్నతల్లి. బావకు అత్తగారు ఆవిడే. "ఏరా, నా అల్లుణ్ణి ఎక్కడ పెట్టావురా?" అంటూ చెప్పులతోనే కంప్యూటర్ గదిలోకి వచ్చేసింది. ఆమె వెనక మరో నలుగురు పెద్దావిడలు, వాళ్ళ వెనక ఒక మావగారు. ఆయన ఎందుకైనా మంచిదని టార్చిలైటు తెచ్చుకున్నాడు.

"అమ్మా, బావకేం కాలేదు. ఇది నా తప్పు."

"నీ తప్పని నాకు తెలుసు. వాడెక్కడున్నాడో చెప్పు."

మూడో దఫా ఆపాలి. కమాండర్ కీబోర్డు మీద పడి స్క్రిప్టును చంపేశాడు. చంపేసి ఊపిరి వదిలాడు. కానీ వాచ్‌మన్లకు వెళ్ళాల్సినవి ఊపిరి పీల్చినప్పుడే వెళ్ళిపోయాయి.

ఊళ్ళో లిఫ్టులు ఒక్కొక్కటే ఆగాయి. వాచ్‌మన్లు బుద్ధిమంతులు, ఆపి చూడమంటే ఆపి చూశారు. బట్టల దుకాణంలో పెట్టెలతో పైకి వెళ్ళాల్సినవాళ్ళు కిందే నిలబడిపోయారు. బ్యాంకులో ఒక పెద్దమనిషి మెట్ల మీద కూర్చుని తన అకౌంటు మూసేస్తానన్నాడు. కమాండర్ ఆఫీసు ఉన్న భవనం కూడా ఆ కంపెనీ చూసుకునేదే. కింద వాచ్‌మన్ స్విచ్చి కట్టేశాడు. దాంతో తర్వాత వచ్చిన అత్తగార్లు ఆరు అంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. మెట్లెక్కి వచ్చిన కోపానికీ లిఫ్టులో వచ్చిన కోపానికీ చాలా తేడా ఉంటుందని మేనేజరు ఆ రోజే తెలుసుకున్నాడు.

"క్షమాపణ పంపు!" అని అరిచాడు ఆయన. "అందరికీ! ఇప్పుడే!"

కమాండర్ గబగబా ఇంకో స్క్రిప్టు రాశాడు. 'అందరూ క్షేమం, పొరపాటుకు చింతిస్తున్నాం.' చేతికి అలవాటైన పద్ధతిలోనే రాశాడు. పేర్లన్నీ గుండ్రటి బ్రాకెట్లలో ఒక వరుసగా పేర్చాడు. అలా పేర్లు పేర్చుకోవడం కూడా పెద్ద షెల్‌కే తెలుసు. చిన్న షెల్ మొదటి బ్రాకెట్టు దగ్గరే ఆగి, ఇదేమిటో తెలియదంది. ఒక్క క్షమాపణా గది దాటలేదు.

"ఇందాకటివి పంపొద్దంటే పంపింది. ఇది పంపమంటే పంపదేంటయ్యా?" అన్నాడు మేనేజరు.

సమావేశం గదిలో డాక్టరమ్మ లేచి నిలబడింది. సంచీ భుజానికి తగిలించుకుంది. "నేను చూడాల్సింది చూశాను," అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది మేనేజరుకు.

కమాండర్ అప్పుడు పొద్దున్నే చేయాల్సిన పని చేశాడు. ప్రశ్న ఉన్న చోటల్లా ఒక్కొక్క బ్రాకెట్టు పీకేశాడు. నడిపాడు. చిన్న షెల్ ప్రశ్న అడిగింది. చేరాడా? చేరాడు. చేరాడా? చేరాడు. ఒక్క మెసేజు కూడా పోలేదు. ముచ్చటగా నడిచింది. అతనికి ఏడుపొచ్చింది. అప్పుడే ఫోను మోగింది. అక్క. తొందరలో స్పీకరు నొక్కేశాడు.

"ఒరేయ్! మీ బావ దొరికాడురా!"

గదిలో అత్తగార్లందరూ ఒక్కసారిగా ఫోను చుట్టూ మూగారు.

"ఎక్కడక్కా?"

"నీ మెసేజు చూసి నేనే వెతుక్కుంటూ వచ్చా. ఇంకా ఎవరూ కాపురానికి దిగని కొత్త బిల్డింగులో. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య వేలాడుతున్నాడు! కరెంటు పోయి ఇరుక్కుపోయాడట. అరిచి అరిచి గొంతు కూడా పోయింది. చుట్టుపక్కల పిట్ట లేదు, వాచ్‌మన్ కూడా లేడు. ఫోనేమో కింద రేకు పెట్టెలో ఉంది."

"అలారం గంట కొట్టలేదా?"

"ఆ గంట బాగుచేయడానికే వెళ్ళాడురా!"

తల్లి గోడ పట్టుకుంది. కంప్యూటర్ గది తలుపు దాటి వెళ్ళిపోబోయిన డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. ఆమె మొదట ఫోను వైపు చూసింది, తర్వాత సమావేశం గది అద్దాల గోడలోంచి బోర్డు వైపు చూసింది. బావ ఫొటో పక్కన పచ్చ దీపం ఇంకా హాయిగా వెలుగుతోంది.

"ఇతను చేరానని బటన్ నొక్కాడు," అంది మెల్లగా. "నొక్కాకే ఇరుక్కున్నాడు. ఈ బోర్డును నమ్ముకుంటే సాయంత్రం దాకా ఎవరూ వెతికేవాళ్ళు కాదు. మా ఆసుపత్రిలో జరిగేదీ ఇదే. వచ్చామని గుర్తు పెడతారు, ఆ తర్వాత ఏ మూల ఏమయ్యారో ఎవరికీ పట్టదు." ఆమె మేనేజరు వైపు తిరిగింది. "వచ్చానన్న మనిషిని కూడా మళ్ళీ వెళ్ళి చూసుకోమనడం మీ పద్ధతా?"

మేనేజరు ముఖం తెల్లబోయింది. క్షణంలోనే ఎర్రబడింది. ఆ వెంటనే వెలిగింది. "అదే మేడమ్! మేం ఎవర్నీ నమ్మం. బటన్ నొక్కినవాణ్ణి అస్సలు నమ్మం!"

"రోజూనా?"

"రోజూ!"

"అందరి ఇళ్ళకీ?"

"ఒక్కరినీ వదలం!"

కమాండర్ కళ్ళు తేలేశాడు. మేనేజరు చొక్కా అంచు పట్టి లాగాడు. మేనేజరు ఆ చేతిని మర్యాదగా విదిలించుకున్నాడు.

"అయితే ఒప్పందం మీకే," అంది డాక్టరమ్మ. "ఒక్క షరతు. ఈ స్క్రిప్టు ఇవాళ పొద్దున ఎలా నడిచిందో రేపూ అలాగే నడవాలి. బాగుచేశామని మార్చారో, మా లిఫ్టులు వేరేవాళ్ళకి పోతాయి."

అత్తగార్ల గుంపులో సంతోషం పెల్లుబికింది. "మంచి ఏర్పాటే," అంది కమాండర్ తల్లి. "రోజూ పదింటికి వెళ్ళి నా అల్లుణ్ణి చూసొస్తా."

కాసేపటికి బయటికి తీసిన బావను అక్క ఫోనులో మాట్లాడించింది. జరిగిన ఒప్పందం కమాండర్ వివరించాడు. పోయిన గొంతుతోనే బావ అన్నాడు. "రోజూ మీ అమ్మ వస్తుందారా? బావమరిదీ, నీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను మళ్ళీ ఆ లిఫ్టులోకే ఎక్కించేయ్."

సాయంత్రం ఇంటికి వెళ్ళి కమాండర్ తల పట్టుకుని కూర్చున్నాడు. పర్మినెంటు అయ్యాడు. అయితే ఉద్యోగం నిలవాలంటే, కష్టపడి బాగుచేసిన స్క్రిప్టును మళ్ళీ కష్టపడి చెడగొట్టాలి.

"అందులో కష్టమేముంది?" అన్నాడు తనకు తనే ధైర్యం చెప్పుకుంటూ. "పీకేసిన బ్రాకెట్లు మళ్ళీ పెట్టేస్తా."

"పెట్టండి," అంది భార్య. "ఏదో ఒకరోజు ఆ మిషన్‌కి కొత్త షెల్ వేస్తారు. దానికి రెండు బ్రాకెట్లు అర్థమవుతాయి. అప్పుడు ప్రశ్న సరిగ్గా అడుగుతుంది, సరిగ్గా జవాబు వస్తుంది, ఎవరికీ మెసేజు వెళ్ళదు. ఒప్పందం గోవిందా."

కమాండర్ మొహంలో ఆ రోజుకు మిగిలిన కాస్త రక్తం కూడా ఇంకిపోయింది.

"మీకు తప్పు చేయడం కూడా అన్ని చోట్లా పనికొచ్చేలా చేతకాదండీ," అంటూ ఆమె ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. చేరాడా అని అడిగే లైను తీసేసింది. జవాబు వచ్చిందా అని అడిగే లైను కూడా తీసేసింది. చేరితే ఏం చేయాలో చెప్పే లైన్లు ఇక అక్కర్లేదని వాటినీ తీసేసింది. పంపు, ఆగు, పంపు, ఆగు, పంపు. ఇక మిగిలింది అంతే. పెద్ద షెల్‌లో నడిపింది. చిన్న షెల్‌లో నడిపింది. నీటి మీటరు తెచ్చి అందులోనూ నడిపింది. మూడు చోట్లా ఒక్క అక్షరం తేడా లేదు.

కమాండర్ పేరుతో ఆ కంపెనీలో ఉన్న స్క్రిప్టులన్నిటిలోనూ, ఏ కంప్యూటర్‌లో పెట్టినా నడిచేది ఇప్పటికీ అదొక్కటే.